దిగువ కృష్ణా డెల్టాలో మంచుకాలపు ప్రయాణము: ఒక సమీక్ష

మార్గశిరము ప్రవేశించినది మొదలు మాఘము సగమగు వరకు, దిగువ కృష్ణా డెల్టాలో తెల్లవారుజామున ప్రయాణము చేయవలసినవారికి దారి ఇరువది ముప్పది గజముల మేర మాత్రమే కనబడు దినములు అనేకము వచ్చును. బందరు నుండి పెడన మీదుగా కృత్తివెన్ను పోవువారికిని, గుడివాడ నుండి కైకలూరు దారి పట్టినవారికిని, చల్లపల్లి, మోపిదేవి దాటి అవనిగడ్డ మీదుగా నాగాయలంక చేరవలసినవారికిని ఇది సమానానుభవము. ఇక్కడ హిమపాతము లేదు, గడ్డకట్టు నీరు లేదు. అందుచేత మన శీతకాలమును ప్రమాదకాలముగా ఎంచు అలవాటు మనకు లేకపోయినది. ఎవరైనను ఈ విషయమును గూర్చి వ్రాసినచో డ్రైవరునకు కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగింతురు. ఆ జాగ్రత్తలు అవసరమే, నేనును వానిని చెప్పెదను. కాని ఈ ప్రాంతపు దారులను పరిశీలించినకొలది నాకు దృఢపడిన అభిప్రాయమేమనగా, మంచు మన దృష్టిని హరించును గాని, ప్రాణములను హరించునవి ఆ కనబడని చోట నిలిపియుంచిన ట్రక్కు, ఆరబోసిన ధాన్యపు రాశి, పిట్టగోడ లేని కాలువ అంచు మొదలగునవే. ఇవి యన్నియు మనము పెట్టినవి, మనము తీయదగినవి.

మొదట మంచు పుట్టుకను చూతము. పగలు వేడెక్కిన నేల రాత్రియెల్ల తన వేడిమిని ఆకాశమునకు విడిచిపెట్టును. ఆకాశము నిర్మలమై, గాలి స్తంభించి, నేలనంటియున్న వాయువులో తేమ సమృద్ధిగా ఉన్నచో, ఆ వాయువు చల్లబడి తేమను సూక్ష్మబిందువులుగా విడుచును. ఈ మూడు నియమములును కూడివచ్చుటకు డెల్టాకన్న అనువైన స్థలము అరుదు. సార్వా కోసిన మళ్లలో పదును ఇంకను ఆరదు. కాలువలు, మురుగు కాలువలు ఊరూరికిని అల్లుకొని ఉన్నవి. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు ప్రాంతములలో వరిమళ్లు వేల ఎకరముల మేర చేపల చెరువులుగా మారినవి. వాని కావల కొల్లేరు, దక్షిణమున సముద్రము. వాయుగుండము వాన కురిసి వెళ్లిపోయిన పిమ్మట ఆకాశము విచ్చుకొనిన రాత్రి, తడిసిన నేలమీద పట్టెడి మంచు మరింత దట్టముగా ఉండును. వాతావరణ శాఖవారు వెయ్యి మీటర్లకు లోపు దృష్టి ఆనినచో పొగమంచు అనియు, 200 మీటర్లకు లోపైనచో దట్టమైనదనియు, 50 మీటర్లకు లోపైనచో అతి దట్టమైనదనియు విభజింతురు. మన పొలముల నడిమి దారులలో ఒక ఉదయముననే ఈ మూడు స్థితులును అరమైలు దూరములో ఎదురగుట కలదు. ఇండ్లును దీపములును ఉన్న ఊరిలో పలుచబడిన మంచు, ఊరు దాటి చెరువుల వరుసలోనికి రాగానే ఏమియు కనబడనంతగా చిక్కనగును. దీర్ఘమైన మంచుకన్న ఈ మచ్చలు మచ్చలుగా పట్టు మంచు ప్రమాదకరము. పలుచని చోట పుంజుకొనిన వేగముతోనే వాహనము చిక్కని చోటికి ప్రవేశించును.

మరియొక సంగతి. సూర్యోదయమైనది గనుక మంచు విడిపోవునని బయలుదేరువారు చాలమంది. కాని వెలుగు వచ్చిన తరువాత కొంతసేపు, గడ్డిమీద పట్టిన నీరు మరల ఆవిరియై, నేలమట్టపు గాలి కొంచెము కదలి, మంచు అంతకుముందుకన్న చిక్కబడుట తరచుగా జరుగును. బడిపిల్లల ఆటోలును, మొదటి బస్సులును, కూలీల వాహనములును బయలుదేరెడి వేళ సరిగా అదియే.

ఈ మంచుకు పొగ తోడైనప్పుడు సంగతి వేరగును. కోత మిషను వచ్చిన తరువాత, పొలములో పరచుకొనిపోయిన గడ్డిని ఏరి వామి వేయుటకు కూలి గిట్టక, కొందరు రైతులు దానికి నిప్పు పెట్టుచున్నారు. దివిసీమలోను, బందరు చుట్టుపట్లను, వరి కోతకు రెండు మూడు దినముల ముందు చేనిలోనే మినుము చల్లు ఆచారమున్న మాగాణులలో ఈ బాధ లేదు. అక్కడ గడ్డికి నిప్పు పెట్టినచో మొలక కాలిపోవును. ఒక పంటల పద్ధతి దారిపోవువాని ప్రాణమునకు రక్షగా ఉండుట గమనింపదగినది. నిప్పు పెట్టెడిచోట మాత్రము పొగలోని రేణువులు మంచుబిందువులకు ఆధారములై, గాలిలేని తెల్లవారుజామున రహదారిమీదనే పేరుకొనును. భోగినాటి ఉదయమున పాత టైర్లు తగులబెట్టుట వలన గలుగు పొగయు ఇట్టిదే. భోగిమంటలో కట్టెలు, పిడకలు వేయు పూర్వాచారమునకు మరలుట ఆరోగ్యమునకును మంచిది, దారికిని మంచిది.

మన దారులు ఎట్టివో చూడక ఈ ప్రశ్నను తేల్చలేము. బెజవాడ నుండి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు చేరు 65వ జాతీయ రహదారి నేడు నాలుగు వరుసలది. నడుమ విభాజకము కలదు. కత్తిపూడి నుండి ఒంగోలు పోవు 216వ జాతీయ రహదారి కృత్తివెన్ను, పెడన, బందరు, చల్లపల్లి, మోపిదేవిల మీదుగా వచ్చి పులిగడ్డ వద్ద కృష్ణను దాటి పెనుమూడి చేరును. పామర్రు నుండి గుడివాడ, కైకలూరుల మీదుగా భీమవరము వైపు పోవునది 165వది. ఈ మూడింటిని విడిచినచో తక్కినవన్నియు ఇంచుమించు గట్టు దారులే. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిమ్మట తవ్విన కాలువలు సాగునీటికిని, పడవ ప్రయాణమునకును ఉద్దేశింపబడినవి. వాని గట్లు మనుష్యులు, ఎడ్లబండ్లు నడచుటకు సరిపోయినవి. అవే గట్లు తారు పూసికొని నేడు బస్సులను, లారీలను మోయుచున్నవి. నది వెంబడి అవనిగడ్డ వైపు సాగు కరకట్ట దారి వరదను ఆపుటకు కట్టిన కట్ట. దాని మలుపులు నది మలుపులే గాని వాహనవేగమును లెక్కించి వేసినవి కావు. ఒక ప్రక్క కాలువ, ఒక ప్రక్క పొలపు బోదె, నడుమ రెండు వాహనములు ఒదిగి తప్పుకొనవలసిన వెడల్పు, మలుపువద్ద సూచిక లేకపోవుట: ఇది మన గ్రామాంతర మార్గముల సాధారణ స్వరూపము.

ఇట్టి దారిలో మంచు పట్టినప్పుడు డ్రైవరు దేనిని ఆధారముగా గొనును? నేలమీద తెల్లగీత ఉన్నచో గీతను. లేనిచో ముందుపోవు వాహనపు ఎర్రదీపములను. రెండవది మిక్కిలి మోసకరమైన ఆధారము. ముందువాడు మలుపు తప్పినచో వెనుకవాడును వానితోనే తప్పును. ముందువాడు ఆగినచో ఆగుటకు వెనుకవానికి చోటుండదు. పాతకాలపు లారీలలో క్లీనరు ఎడమ తలుపువద్ద తల బయటపెట్టి గట్టు అంచును చూచుచు ‘రైట్, రైట్’ అని చెప్పుచుండగా డ్రైవరు నడచువాని వేగముతో బండిని పోనిచ్చెడివాడు. క్లీనరు లేని నేటి కార్లలో ఆ రెండవ జత కన్నులు లేవు; ప్రక్కన కూర్చున్నవారు సెల్‌ఫోను కట్టిపెట్టి, కిటికీ కొంచెము దించి, అంచును చూచి చెప్పినచో అదియే గొప్ప సహాయము. కిటికీ దించుటలో వేరొక లాభమును కలదు. కంటికి ఆనని వాహనము పలుమారు చెవికి ముందుగా తెలియును.

కాలువలో పడిన వాహనమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు, ఏలయన డెల్టాలో దారి తప్పిన వాహనము చెట్టునకో రాతికో గాక నీటికి పోవును. నీటిలో పడిన కారు వెంటనే మునుగదు, స్వల్పకాలము తేలియుండును. బయటి నీటి ఒత్తిడిచేత తలుపు తెరచుకొనదు గనుక దానితో పెనగులాడి ఆ కాలమును పోగొట్టుకొనరాదు. బెల్టు విప్పుకొని, కరెంటు పనిచేయుచుండగానే కిటికీ అద్దము దించి, పిల్లలను ముందుగా త్రోసి, కిటికీ గుండనే వెలుపలికి రావలెను. ఈ నాలుగు మాటలు గట్టు దారుల వెంబడి నివసించు ప్రతి కుటుంబమునకును తెలిసియుండవలెను.

ఇక కంటి విషయము. మంచులో డ్రైవర్లు అతివేగముగా ఏల పోవుదురను ప్రశ్నకు 1998లో బ్రిటన్‌లోని కార్డిఫ్ పరిశోధకులు స్నోడెన్ ప్రభృతులు ‘నేచర్’ పత్రికలో ఒక సమాధానము ప్రకటించిరి: దృశ్యములో తెలుపు నలుపుల భేదము తగ్గినకొలది మనిషికి తన వేగము తక్కువగా తోచును, అందుచేత తెలియకయే వేగము పెంచును. ఈ సిద్ధాంతము చాలకాలము పాఠ్యగ్రంథములలో నిలిచినది. 2012లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవారు ప్రెట్టో ప్రభృతులు దీనిని మరల పరీక్షించి, మొదటి ప్రయోగములో దృశ్యమంతయు ఒకే తీరుగా మసకబారినదనియు, నిజమైన మంచులో దగ్గరివి స్పష్టముగా, దూరపువి అస్పష్టముగా ఉండుననియు, అట్టి మంచును అనుకరించినప్పుడు మనిషికి తన వేగము ఉన్నదానికన్న ఎక్కువగానే తోచి, వేగమును తగ్గించుననియు చూపిరి. రెండును ప్రయోగశాలలలో కల్పిత దృశ్యములతో జరిగినవి. నా మట్టుకు రెండవ వాదము అనుభవమునకు సన్నిహితముగా కనబడుచున్నది. మంచులో ప్రవేశించిన ప్రతి డ్రైవరును కొంత వేగము తగ్గించుట మనము చూచుచునే యున్నాము. తగ్గించుచున్నారు, కాని తగినంతగా తగ్గించుట లేదు. లోపము కంటిలో గాక లెక్కలో ఉన్నది.

ఆ లెక్కను మన దేశపు రహదారుల కాంగ్రెసు ఏనాడో కట్టియుంచినది. ప్రమాదమును చూచి, గ్రహించి, బ్రేకుపై కాలు మోపుటకు రెండున్నర సెకనులు పట్టునని వారి ప్రమాణము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున ఆ రెండున్నర సెకనులలో బండి 42 మీటర్లు పోవును. బ్రేకు పట్టి నిలుచునప్పటికి మొత్తము 80 మీటర్లు కావలెను. 40 కిలోమీటర్ల వేగమునకు 45 మీటర్లును, 30కి 30 మీటర్లును, 25కి 25 మీటర్లును చాలును. ఎదురెదురుగా వచ్చు వాహనములు ఒకే వరుసను పంచుకొనవలసిన ఇరుకు దారిలో ఈ దూరమును రెట్టింపు చేయవలెనని కూడ ఆ ప్రమాణములే చెప్పుచున్నవి. అనగా, దృష్టి 50 మీటర్లు ఆనుచున్న ఉదయమున నాలుగు వరుసల బందరు రహదారిపై 40 కిలోమీటర్లకు మించరాదు. అదే ఉదయమున గట్టు దారిలో 25 కిలోమీటర్లకు మించరాదు. అరువది వేగమున పోవుచు నలువది మీటర్లు మాత్రమే చూడగలవాడు, అడ్డు కనబడిన తరువాత బ్రేకుపై కాలు మోపకమునుపే దానిని తాకును. అతని చేతి నైపుణ్యము ఎంతటిదైనను ఇక్కడ పనికిరాదు. ముప్పది ఏండ్లుగా ఈ దారిలో నడపుచున్నానను ధీమా గలవారు ఈ అంకెలను ఒక్కసారి మనస్సులో నిలుపుకొనవలెనని నా ప్రార్థన.

దీపముల విషయమున కొన్ని అపోహలు పాతుకొనియున్నవి. దారి కనబడలేదని హై బీమ్ వేయుట మొదటిది. ఆ కాంతి మంచుబిందువులపై పడి కంటికే తిరిగివచ్చి, కనబడుచున్న కొంచెమును గూడ కప్పివేయును. డిమ్ చేసి క్రిందికి వంచిన కాంతియే ఉపకరించును. బంపరు వద్ద నేలకు దగ్గరగా అమర్చిన ఫాగ్ లైట్ల ప్రయోజనము అవి క్రిందుగా, వెడల్పుగా కాంతిని పరచుటలో ఉన్నది. పసుపు కాంతి మంచును చీల్చుకొని పోవుననునది రెండవ అపోహ. మంచుబిందువు పరిమాణము కాంతితరంగముకన్న పదుల రెట్లు పెద్దది గనుక అన్ని రంగులను ఇంచుమించు ఒకే తీరుగా చెదరగొట్టును. పోవుచున్నంతసేపు నాలుగు ఇండికేటర్లను మిణుకుమిణుకుమనిపించుట మూడవది. అవి ఆగిన వాహనమునకు గుర్తు. పోవువాడు వేసినచో ఆగినవాడెవడో, మళ్లువాడెవడో వెనుకవానికి తెలియదు. అద్దమునకు లోపల ఆవిరి పట్టినప్పుడు గుడ్డతో తుడుచుచు నడపుటకన్న ఏసీ వేసి గాలిని అద్దమువైపు మళ్లించుట మేలు.

ఇంతవరకు చెప్పినవి ఏ దేశపు మంచుకైనను వర్తించును. మన దారిమీద మాత్రమే ఉండునవి కొన్ని కలవు. నా దృష్టిలో అసలు ప్రశ్న అవియే.

వానిలో మొదటిది ధాన్యము. కోత మిషనుతో కోసిన ధాన్యములో తేమ ఎక్కువ. ప్రభుత్వము కొనుటకు తేమ 17 శాతమునకు మించరాదు. పూర్వము కుప్ప వేసి, తీరికగా నూర్చిన కాలమున ధాన్యము కుప్పలోనే ఆరెడిది, ఊరూర కళ్లములుండెడివి. నేడు కళ్లములు ఇండ్ల స్థలములైనవి, రైతులలో అధికులు కౌలుదార్లు, వారికి ధాన్యము ఆరబోసికొనుటకు సొంత జాగా లేదు. ఎండకు వేడెక్కు నల్లని తారురోడ్డు వారికి దొరకిన ఏకైక కళ్లము. అందుచేత నవంబరు, డిసెంబరు మాసములలో రోడ్డునకు ఒక సగము ధాన్యపు పరుపగును. సాయంకాలము దానిని రాశిగా చేర్చి, బరకము కప్పి, గాలికి లేవకుండ చుట్టును రాళ్లు పెట్టి, రైతు అక్కడనో ఇంటనో నిద్రించును. రాశి మంచులో కనబడదు, రాళ్లు అసలే కనబడవు. ధాన్యము తీసిన తరువాత గూడ ఆ రాళ్లు దారిలోనే మిగిలిపోవుట కద్దు. మోటారుసైకిలు చక్రము ధాన్యపు గింజలపై జారుటకు వేగము అక్కరలేదు. ఇందులో రైతును దూషించుట నాకు సమ్మతము కాదు. వాయుగుండము హెచ్చరిక వచ్చిననాడు అతడు పడు ఆరాటమును చూచినవారెవరును దూషింపజాలరు. కాని ఈ సమస్యకు మందు పోలీసు హెచ్చరికలలో లేదు. ఊరుమ్మడి సిమెంటు కళ్లములు, కొనుగోలు కేంద్రములవద్ద ఆరబెట్టు యంత్రములు, వానికన్న ముందు, రాశి చుట్టు రాళ్లకు బదులు ఇసుక సంచులు, వాని కొసలలో కాంతిని తిప్పికొట్టు ఎర్ర పట్టీలు: ఇవి కావలెను. ధాన్యపు తేమను కొలుచు శాఖకును రహదారి భద్రతను చూచు శాఖకును సంబంధమున్నదని ఎవరైనను ఒకరు గుర్తింపవలెను.

రెండవది ట్రాక్టరు ట్రక్కు. ధాన్యము మిల్లులకు, గడ్డి పశువుల కొట్టములకు, చెరకు ఉయ్యూరు ఫ్యాక్టరీకి చేరు కాలము ఈ మంచుకాలమే. గడ్డి మోపులు ట్రక్కునకు ఇరుప్రక్కల మూరెడు మూరెడు వెలికి వచ్చి, చెరకు వెనుకకు వ్రేలాడి, ఉన్న ఎర్రదీపమును గూడ కప్పివేయును. పలు ట్రక్కులకు దీపమే లేదు. పంక్చరైనచో చక్రముక్రింద రాయి పెట్టి, దారిలోనే విడిచి మనిషి ఊరిలోనికి పోవును. వెనుకనుండి వచ్చు మోటారుసైకిలువానికి ఆ ట్రక్కు తొట్టి అంచు తల ఎత్తున ఉండును. ఎర్రని రేడియం స్టిక్కరు వెల బహుస్వల్పము. ఫ్యాక్టరీ కాటావద్ద, మిల్లు కాటావద్ద, స్టిక్కరు లేని ట్రక్కును తూచరాదని ఒక నియమము పెట్టుకొనినచో, ఒక్క సీజనులో ఈ ప్రాంతపు ట్రక్కులన్నిటికిని అవి అంటింపబడును. రహదారిపై ఒక్కొక్కదానిని ఆపి చలానా వ్రాయుటకన్న కాటావద్ద కట్టడి సులభము.

మూడవది పాదచారి. ధనుర్మాసమున తెల్లవారుజామున గుడికి పోవు స్త్రీలు, మాల వేసికొని నల్లని వస్త్రములతో నడచు అయ్యప్ప భక్తులు, పాల క్యానులతో సైకిలుపై పోవువారు, చెరువులకు కావలి పోయి తిరిగివచ్చు కూలీలు, ఆరోగ్యము కొరకు నడచు పెద్దలు, అందరును ఆ వేళ దారిమీదనే ఉందురు. నల్లని వస్త్రము దీక్షానియమము; దానిని మార్చుకొనుమని చెప్పు అధికారము ఎవరికిని లేదు. అయితే భుజముపై తెల్లని తువాలు వేసికొనుట నియమమునకు విరుద్ధము కాదు. చేత ఒక టార్చి ఉండుట ఏ వ్రతమునకును భంగము కాదు. వాహనములకు ఎదురుగా, కుడిప్రక్కన నడువవలెనను సంగతి బడిలో నేర్పినను మన అలవాటులోనికి రాలేదు.

మోటారుసైకిలు మీద పోవువాని బాధలు వేరు. హెల్మెట్ అద్దముపై బయట మంచు, లోపల ఊపిరి ఆవిరి పట్టి, దానిని ఎత్తినచో కన్నులు నీళ్లు క్రమ్మి, కొందరు హెల్మెట్‌నే తీసి ట్యాంకుపై పెట్టుకొందురు. అద్దమును వ్రేలెడు సందు తెరచి ఉంచినచో లోపలి ఆవిరి చాలవరకు పోవును. చెవులకు మఫ్లరు బిగించి దానిపై హెల్మెట్ పెట్టినచో హెల్మెట్ వదులై జారును, వినికిడియు పోవును. కైకలూరు, గుడివాడ దారులలో చేపల లారీలనుండి కారు నీరు మంచుతో కలిసి తారుపై పలుచని జిగురుపొరగా నిలుచును; మలుపులో ముందు బ్రేకు పట్టినవాడు అక్కడ పడును.

నిద్రను గూర్చి వేరుగా చెప్పవలెను. మనిషి శరీరము స్వభావముచేత రాత్రి రెండు మొదలు ఆరు గంటల వరకు నిద్రను కోరును. మంచు పట్టి పెరుగునదియు ఆ వేళలోనే. సంక్రాంతికి హైదరాబాదునుండి బందరు, గుడివాడ, అవనిగడ్డలకు వచ్చువారు కార్యాలయము ముగించుకొని, రాత్రి భోజనమైన పిమ్మట బయలుదేరుటచేత, మేలుకొని అలసిన కన్నులతో డెల్టాలోనికి ప్రవేశించునప్పటికి నాలుగు గంటలగును. 2017 ఫిబ్రవరి 28వ తేదీ తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలములో ముళ్లపాడు వద్ద హైదరాబాదు పోవు ప్రైవేటు బస్సు రెండు వంతెనల నడిమి సందులో పడి పలువురు మరణించిన దుర్ఘటన ఈ 65వ రహదారిమీదనే జరిగినది. దానికి మంచును కారణముగా చెప్పుటలేదు. కాని దాపు లేని సందును, తెల్లవారుజాము వేళను కలిపి ఆలోచించుటకు అది ఎన్నటికిని మరువరాని ఉదాహరణము. పోలీసులు రాత్రివేళ లారీలను ఆపి డ్రైవర్లచేత ముఖము కడిగించి పంపుట మంచి పనియే. అయినను చన్నీళ్లు నిద్రను కొద్దిసేపే వాయిదా వేయును. ఇరువది నిమిషముల కునుకునకు సమానమైనది లేదు.

శీతకాలపు తొలి సగము తుపానులది. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెన దివిసీమలో ఇంచుమించు పదివేల ప్రాణములను పొట్టన పెట్టుకొనినది. 2023 డిసెంబరు 5న మిగ్జాం తుపాను బాపట్ల వద్ద తీరము దాటినప్పుడు కోతకు వచ్చిన చేలు పడిపోయినవి. దారిపై పారు నీటి లోతు తెలియదు, అడుగున రోడ్డు ఉన్నదో కోసికొనిపోయినదో తెలియదు. రెండడుగుల ప్రవాహము కారును ఎత్తివేయగలదు. తుపాను విషయమున మనము చాల నేర్చుకొంటిమి. బందరులో వాతావరణ శాఖవారి రాడారు ఉన్నది, ఆశ్రయభవనములున్నవి, హెచ్చరిక రాగానే గ్రామములు కదలును. ఏండ్లకొకసారి వచ్చు ఉప్పెనకు ఇంతటి వ్యవస్థను కట్టుకొనిన ప్రాంతము, ఏటేట వచ్చు మంచుకు ఏ వ్యవస్థయు లేక ఊరకుండుట నన్ను కలచివేయుచున్నది.

ఇతరులు చేసినది కొంత చూతము. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రమున కాల్హూన్ వద్ద 1990 డిసెంబరు 11న మంచులో 99 వాహనములు ఒకదానినొకటి ఢీకొని 12 మంది చనిపోయిరి. పిమ్మట ఆ మార్గమున మంచును పసిగట్టు పరికరములను, వేగపరిమితిని తగ్గించి చూపు ఫలకములను నెలకొల్పిరి. మన దేశమున యమునా ఎక్స్‌ప్రెస్ రహదారిపై డిసెంబరు 15 మొదలు ఫిబ్రవరి 15 వరకు కార్ల వేగపరిమితిని 100 నుండి 75 కిలోమీటర్లకు తగ్గించుచున్నారు. గన్నవరములో రన్‌వే కనబడనప్పుడు విమానము ఆకాశమున తిరుగుచు నిరీక్షించును, లేదా వేరొక ఊరికి మరలిపోవును. ఎంత చూపు ఆనినచో దిగవచ్చునో పైలటు ఇష్టమునకు విడువలేదు. అదే మంచులో, పదునలుగురు కూలీలను ఎక్కించుకొనిన ఆటోవానికి అట్టి హద్దును చెప్పువారెవరును లేరు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము 198-ఏ సెక్షను క్రింద, రహదారి నిర్మాణములోను నిర్వహణలోను భద్రతాప్రమాణములను పాటింపని సంస్థకు లక్ష రూపాయల వరకు జరిమానా విధింపవచ్చును. కాలువ మలుపువద్ద పిట్టగోడయు, సూచికయు లేకపోవుట ఈ సెక్షను క్రింద ప్రశ్నింపదగిన విషయమని నా అభిప్రాయము. గట్టు దారులన్నిటికిని గోడ కట్టుట సాధ్యము కాదు. మలుపులకు, లాకులకు, కల్వర్టులకు మాత్రము రెండు ప్రక్కల తెలుపు ఎరుపు పట్టీల రాళ్లు నాటి, అంచు గీత గీచినచో చాలవరకు సరిపోవును.

విదేశములలోనున్న మన పిల్లల ప్రస్తావన సంగ్రహముగా చేసెదను. చికాగో, డెట్రాయిట్, మినియాపొలిస్ ప్రాంతములకు చదువులకును ఉద్యోగములకును పోయిన గుడివాడ, బందరు యువకులు మొదటి శీతకాలమున ఎదుర్కొను ప్రమాదము చూపుకన్న పట్టుకు సంబంధించినది. ఏడు డిగ్రీలకు దిగువన సాధారణ టైరు రబ్బరు బిగుసుకొని పట్టు కోల్పోవును గనుక శీతకాలపు టైర్లు వేరుగా వేసికొనవలెను. క్రిందనుండియు గాలి తగులుటచేత వంతెన రోడ్డుకన్న ముందే గడ్డకట్టును. నాలుగు చక్రములకును శక్తినిచ్చు వాహనము బయలుదేరుటకు తోడ్పడును గాని ఆగుటకు తోడ్పడదు. అక్కడ మంచు తుపాను నాడు కచేరీలు, పాఠశాలలు ఆలస్యముగా తెరచుట సాధారణము. మనము వారినుండి గ్రహింపవలసినది ఇదియే.

ఏలయన మంచుకు అన్నిటికన్న చవకయైన మందు ఒక గంట ఆగుట. ఆగగలవాడెవడు, ఆగలేనివాడెవడు అనునది దానివెంట వచ్చు ప్రశ్న. సంక్రాంతికి కారులో వచ్చువాడు పామర్రులో టీ త్రాగి ఎండ వచ్చువరకు ఆగవచ్చును. గిలకలదిండి రేవునుండి చేపల పెట్టెలు తీసికొనిపోవువానికి ఐసు కరగుచుండును. పాలవాడు ఆలస్యమైనచో పాలు విరుగును. ఆటోలో ఇరుకుకొని మినుము తీతకు పోవు స్త్రీలు ఏడు గంటలకు చేనిలో లేకున్నచో ముఠా మేస్త్రి ఆ దినపు కూలిలో కోత పెట్టును. వారిని జాగ్రత్తగా పొమ్మని బోధించుట సులభము. పుష్య, మాఘ మాసములలో కూలి వేళను ఎనిమిదికి మార్చి, సాయంకాలము ఆ గంటను పూడ్చుకొనునట్లు రైతులును మేస్త్రీలును ఊరూర కూర్చుండి ఒప్పందము చేసికొనవచ్చును. పాలకేంద్రములు ఆ రెండు నెలలు సేకరణవేళను అరగంట వెనుకకు జరుపవచ్చును. బడులు మొదటి గంటను కొంచెము ఆలస్యముగా కొట్టవచ్చును. దీనికి నిధులు అక్కరలేదు, క్రొత్త చట్టము అక్కరలేదు. డిసెంబరు మొదటి వారములో మండల కార్యాలయమున ఒక సమావేశము పెట్టి, ఈ మూడు వర్గములవారిని పిలిచి, వేళలను నిర్ణయించి, పంచాయతీ మైకులో చెప్పించినచో ఆ యేడే ఆరంభింపవచ్చును.